బాలబాలికలకు యంత్రవిద్య

రానున్న 5 సంవత్సరములలో ప్రభుత్వ పాఠశాలలయందు 50 వేల అటల్ టింకరింగ్ ప్రయోగశాలలను నెలకొల్పుదుమని కేంద్రప్రభుత్వమువారు 2025వ సంవత్సరపు బడ్జెటు ప్రసంగమున ప్రకటించిరి. 2016లో ఆరంభమైన ఈ యేర్పాటు క్రింద అప్పటికే 10 వేల పాఠశాలలలో ఇట్టి శాలలు వెలసియుండెను. ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయలవరకు ద్రవ్యసాహాయ్యము లభించునట్లు నిర్ణయింపబడినది. ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతివరకు చదువు బాలబాలికలు మోటార్లను, తీగలను, బ్యాటరీలను స్వహస్తములతో కూర్చి, రోబోలు మున్నగు యంత్రములను నిర్మింప నేర్వవలెనని యుద్దేశము. ఉద్దేశము శ్లాఘ్యమే. కాని శాలల సంఖ్యనుబట్టి విద్యను గణించుట బావుల సంఖ్యనుబట్టి పంటను గణించుటవంటిది. నీరు చేను చేరినదా యనునదియే ప్రశ్న.

పాఠములు కూడబలుకుకొని చదువు పిల్లలకు రోబోలేల యనియు, ఇది ధనికుల బిడ్డల వినోదమనియు ఆక్షేపించు పెద్దలు కలరు. వారొకసారి ఈ విద్య జరుగు తీరును కన్నులార చూతురుగాక. తెల్లని నేలపై నల్లని గీత గీచి, దానివెంట నడచు చిన్న బండిని నిర్మింపుమని 12 ఏండ్ల బాలికకు చెప్పుదురు. బండి యడుగున కంటికి కానరాని పరారుణ కాంతిని వెదజల్లు చిన్న దీపమును, తిరిగివచ్చు కాంతిని కనిపెట్టు పరికరమును ఉండును. తెల్లని నేల కాంతిని త్రిప్పి పంపును. నల్లని గీత దానిని మ్రింగివేయును. ఈ భేదమునుబట్టి యెప్పుడు ఎడమ మోటారు తిరుగవలెనో, యెప్పుడు కుడి మోటారు తిరుగవలెనో బాలికయే సూచనలు వ్రాయవలెను. మొదట బండి దారి తప్పును. తీగ వదులైనదా? గదిలో వెలుతురు హెచ్చినదా? తాను వ్రాసిన సూచనయే తప్పా? ఒక్కొక్కటిగా మార్చి చూచి కారణమును పట్టుకొనును. ఇందు కాంతిశాస్త్రము కలదు, గణితము కలదు, తర్కము కలదు. వీనికన్న మిన్నగా, తన తప్పును తానే వెదకి దిద్దుకొను ధైర్యము కలదు. తప్పు వ్రాసిన మార్కులు పోవునని భయపడుచు పెరిగిన మన పిల్లలకు ఈ ధైర్యము వినోదము గాదు, అన్నమువలె నవసరము.

ఈ భావము మనకు క్రొత్తదియు గాదు. 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారు ప్రభృతులు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువుతోపాటు పరిశ్రమలను నేర్పిరి. 1937లో వార్ధా సభయందు గాంధీమహాత్ముడు చేతిపనియే విద్యకు కేంద్రము కావలెనని ప్రతిపాదించెను. 1967లో పిల్లలకై లోగో యను కంప్యూటరు భాషను కల్పించినవారిలో నొకడైన సేమూర్ పాపెర్టు, యంత్రము బాలునకు పాఠము చెప్పుట గాక, బాలుడే యంత్రమునకు చెప్పవలెనని వాదించెను. రాట్నము మొదలు రోబోవరకు సాధనములు మారినవి; చేయి నేర్చినదే బుద్ధికి నిలుచునను సూత్రము మారలేదు.

అట్లయిన భయ మెక్కడ? పరికరము పాడైనచో లెక్క చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడే యైనప్పుడు, ఆతడు దానిని బీరువాలో నుంచి తాళము వేయుట వింతగాదు. అధికారి వచ్చిన దినమున అద్దముల వెనుక మెరయు పరికరములు పిల్లలకు దేవతావిగ్రహములవంటివి, చూడవచ్చును, ముట్టరాదు. కావున ఏటేట కొంత సామగ్రి పిల్లల చేతులలో చెడుననియే లెక్కవేసి, దానికి ప్రత్యేకముగా ద్రవ్యము కేటాయింపవలెను. విరిగిన మోటారు నష్టము గాదు. ముట్టని మోటారే నష్టము.

సామగ్రిని ఎన్నుకొనుటయందును జాగరూకత వలయును. 1998లో వెలువడి లోకమంతట పాఠశాలలకు ప్రాకిన లెగో మైండ్‌స్టార్మ్స్ ఉత్పత్తి 2022 తుదిని నిలిచిపోయెను. ఒక్క కంపెనీ పెట్టెను నమ్ముకొన్న విద్య ఆ కంపెనీ తలంపుతోనే ముగియు నపాయము కలదు. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డునో పలక యట్టిది గాదు. దాని నిర్మాణరహస్యము అందరికిని వెల్లడి, ఎవరైనను తయారుచేసికొనవచ్చును. పేద పాఠశాలలకు ఇట్టి స్వేచ్ఛగల సాధనములే తగినవి.

ఇక పాఠశాల గోడలు దాటి ఊరికి ఈ విద్యను చేర్చుట యెట్లు? అమెరికాలో డీన్ కేమన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థ 1992లో 28 జట్లతో రోబోల పోటీలను ఆరంభించెను. ఇంజనీర్లు తీరిక చేసికొనివచ్చి విద్యార్థుల ప్రక్కన కూర్చుండి పనిచేయుట అందలి పద్ధతి. ఆ పోటీలలో అత్యున్నత గౌరవము నెగ్గిన యంత్రమునకు గాక, తమ సమాజమున ఈ విద్యను పంచుటయందు ఆదర్శప్రాయమైన జట్టునకు లభించును. ఇది మిక్కిలి మెచ్చదగిన నియమము. 1999లో ఏర్పడి, మన చిత్తూరు జిల్లా కుప్పము ప్రాంతమున పనిచేయు అగస్త్య ఫౌండేషను వాహనములపై ప్రయోగశాలలను గ్రామ పాఠశాలలకు తీసికొనిపోవుచు, పిల్లలచేత ప్రయోగములను ముట్టించి చేయించుచున్నది. పిల్లవాడు శాలను చేరలేనిచోట శాలయే పిల్లవానిని చేరుట సరియైన మార్గము.

మేము కోరునది స్వల్పము. ప్రతి శాలకును ఈ పని తెలిసిన ఉపాధ్యాయుడును, వారపు పట్టికలో నిశ్చితమైన గంటలును ఉండవలెను. సూచనల పుస్తకములు తెలుగున రావలెను. తీగను కలుపుట నేర్చుటకుముందు పరభాషతో పెనగులాడవలసిన దుర్గతి గ్రామబాలునకు తప్పవలెను. బాలికలకు ప్రేక్షకుల బల్లగాక పనిబల్లయొద్దనే చోటుండవలెను. బడి ముగిసిన పిమ్మట ఇరుగుపొరుగు బడుల పిల్లలకును శాల తలుపులు తెరువవలెను.

ఇందు ప్రభుత్వముకన్న మన వంతే హెచ్చు. పొలమున పంపుసెట్టు మోటారు కాలినప్పుడు రైతు పరుగెత్తునది మోటారు మెకానిక్కు నొద్దకు. ఆ మెకానిక్కును నెలకొకసారి సగౌరవముగా బడికి పిలిచి, తీగచుట్ట తిరుగు రహస్యమును పిల్లలకు చూపింపుమని కోరినచో, ఆతని విద్యకును మర్యాద కలుగును. పిల్లలకు గురువును దొరకును. హైదరాబాదులోను, విదేశములలోను ఇంజనీర్లైన మన బిడ్డలు స్వగ్రామమునకు వచ్చినప్పుడు గుడికి చందా యిత్తురు, సంతోషము. వారే ఒక దినము బడిలో నేలపై కూర్చుండి, దారి తప్పిన బండిని ఒక బాలికతో కలసి దిద్దినచో ఆ చందాకు తీసిపోదు. శాల కట్టుటకు ద్రవ్యము చాలును. దాని తాళము తీయుటకు మాత్రము ఊరివారి పూనిక వలయును.