స్త్రీలు – చట్టము: మన పక్షమున వ్యవహరించువారిని లెక్క యడుగవచ్చునా?

దస్తావేజుమీద స్త్రీ పేరుండుటయు, ఆ యాస్తి వ్యవహారమెల్ల మఱియొకరు నడపుటయు మన కుటుంబములలో సాధారణమే. పుట్టింటివారిచ్చిన మాగాణిని అన్నగారు కౌలున కిత్తురు. పట్టణములోని యింటి యద్దెను మఱదిగారు వసూలు చేయుదురు. విదేశములందున్న యాడపడుచు తన బ్యాంకి పనులను మేనల్లునికి అప్పగించును. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము హిందూ స్త్రీని తన యాస్తికి సంపూర్ణాధికారిణిని జేసినది. 2005లో జరిగిన సవరణ ఉమ్మడి కుటుంబపు టాస్తిలో కుమార్తెకును కుమారునితో సమానమైన హక్కు నిచ్చినది. హక్కులు వచ్చినవి గాని, అన్నగారిని “ఈ యేటి కౌలెంత వచ్చినది?” అని యడుగుటకు మనకింకను నోరు రాదు. ఈ సంకోచమునకు చట్టములో తావులేదని చెప్పుటయే యీ నెల మా యుద్దేశము.

1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టములో పదవ యధ్యాయ మీ విషయమునకే యేర్పడినది. ఒకరి బదులు పనిచేయుటకు గాని, వారి పక్షమున ఇతరులతో వ్యవహరించుటకు గాని నియమింపబడినవాడు ఏజెంటు. కాగితము వ్రాసికొననిదే ఏజెంటు కాడను భ్రమ వలదు. నోటిమాటచేతను, నడవడిచేతను గూడ ఆ సంబంధ మేర్పడును. జీతము పుచ్చుకొననివాడును ఏజెంటే. ఇది ముఖ్యముగా గమనింపదగినది. “నేను ఊరకే చేయుచున్నాను, నాకు లెక్కలేమి?” యను మాట చట్టము ముందు నిలువదు. ఇక వివాహిత యైన స్త్రీ, అవివాహితవలెనే, తనంతట తాను అధికారపత్రము వ్రాసి ఈయవచ్చునని 1882వ సంవత్సరపు పవర్ ఆఫ్ అటార్నీ చట్టము స్పష్టపఱచినది.

ఏజెంటు విధులలో మొదటిది యజమానురాలి యాజ్ఞను పాటించుట. ధాన్యమును రొక్కమునకే అమ్ముమని మీరు చెప్పగా ఆయన అరువిచ్చి, కొన్నవాడు దివాలా తీసినచో, ఆ నష్టమును ఆయనయే పూరింపవలెను. ఆజ్ఞను మీఱగా లాభము వచ్చినను ఆ లాభము మీదే. మీరేమియు చెప్పనిచోట, ఆ ప్రాంతమున అట్టి వ్యాపారములోని వాడుకను ఆయన అనుసరింపవలెను. రెండవది, అట్టి పనికి సామాన్యముగా వలయు నేర్పుతోను శ్రద్ధతోను పనిచేయుట. చిక్కు వచ్చినపుడు వీలైనంతవఱకు మీకు తెలిపి మీ సలహా పొందుటయు ఆయన విధియే.

మూడవది అన్నిటికంటె పెద్దది: తనకై తాను లాభము చూచుకొనరాదు. మీ స్థలము నమ్ముమని చెప్పగా, మీ యనుమతి లేకయే వేఱొకని పేరు పెట్టి తానే కొన్నాడనుకొనుడు. ఆయన ముఖ్యమైన విషయమును మోసముతో దాచినట్లు గాని, ఆ బేరము మీకు నష్టకరమని గాని తేలినచో, మీరా బేరమును త్రోసిపుచ్చవచ్చును. అట్లే, మీకొఱకు ఒక యిల్లు కొనుమనగా “అది దొరకదు” అని చెప్పి తానే కొనుక్కొన్నచో, తాను కొన్న ధరకే మీకమ్ముమని నిర్బంధింపవచ్చును.

నాల్గవది, అడిగినపుడు సరియైన లెక్క చెప్పుట. మీ పేర వచ్చిన సొమ్ములో తనకు రావలసినదియు, న్యాయముగా తానైన ఖర్చును మినహాయించుకొని, తక్కినది మీకు చెల్లింపవలెను. మీరును ఆయన న్యాయముగా చేసిన పనులవలన ఆయనకు కలిగిన నష్టమును భరింపవలెను. ధర్మము ఉభయులకును గలదు.

“అన్నను లెక్క యడుగుటయా! బంధుత్వము చెడదా?” యని మీరనవచ్చును. “తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే” యని మగవారే చెప్పుదురు గదా! లెక్క యడుగుట అనుమానించుట కాదు. లెక్క లేనిచోటనే అనుమానము పుట్టును. ఇరువది యేండ్లు మాటాడక, పిదప పిల్లల కాలమున కోర్టున కెక్కిన కుటుంబముల కథలు మీరెఱుగనివి కావు. ఏటేట పద్దు చూపినవానికి అపవాదు రాదు. కావున అడుగుట ఆయనకును మేలే.

అడిగి, ఆయన నిరాకరించిన పిదప ఊరకుండుట ప్రమాదము. ఏజెంటు పుచ్చుకొని లెక్క చెప్పని సొమ్మునకై దావా వేయుటకు 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము మూడేండ్లే గడువిచ్చినది. ఆయన ఏజెంటుగా నున్న కాలమున అడిగి నిరాకరింపబడినచో ఆనాటి నుండియు, అడుగకయే యున్నచో ఆ సంబంధము ముగిసిననాటి నుండియు గడువు లెక్కింపబడును.

అధికారపత్ర మిచ్చునపుడు ఏ పనికై యిచ్చుచున్నారో ఆ పనినే వ్రాయుడు. అద్దె వసూలునకు అమ్మకపు అధికార మక్కఱలేదు. వ్రాయని కాగితముపై సంతకము చేయకుడు. నకలొకటి మీయొద్ద నుంచుకొనుడు. ఏజెంటునకు ఆ యాస్తిలో స్వంత హక్కున్న సందర్భములు తప్ప, అధికారమును మీరు రద్దు చేయవచ్చును. అయితే రద్దు సంగతి తెలియని యితరులయెడ అది చెల్లదు గాన, ఏజెంటుతోపాటు అద్దెకున్నవారికిని, కౌలుదారులకును, బ్యాంకికిని వ్రాతమూలముగా తెలుపుడు.

సంక్రాంతికి పంట యింటికి వచ్చును. ఆడపడుచును పుట్టింటికి వచ్చును. పసుపుకుంకుమలతోపాటు ఆ యేటి పద్దును చేతి కిచ్చు నాచార మొకటి మన కుటుంబములలో నెలకొన్నచో, అన్నాచెల్లెండ్ర ప్రేమకు లోటు రాదని మా నమ్మకము.

వచ్చు సంచికలో అద్దె పత్రములను గూర్చి వ్రాయుదుము.