ఒకటో తారీఖు ప్రణాళిక

ఉద్యోగం పోవడానికి పావుగంట చాలు. పదకొండింటికి హెచ్చార్ నుంచి మీటింగ్ పిలుపు వస్తుంది, పదకొండుంపావుకి లాప్‌టాప్ లాక్ అయిపోతుంది. జీడిమెట్ల ఫ్యాక్టరీ షెడ్డులోనైతే ఆ మాత్రం మర్యాద కూడా లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను తల వంచుకుని "రేపట్నుంచి రావొద్దన్నరన్నా" అంటాడు. డెలివరీ కుర్రాడికి చెప్పడానికి మనిషే ఉండడు, ఫోన్లో ఐడీ బ్లాక్ అవుతుంది, అంతే. అద్దె కట్టాల్సిన ఒకటో తారీఖు మాత్రం ముగ్గురికీ ఒకే రోజున వస్తుంది.

ఆ పావుగంటకీ ఆ ఒకటో తారీఖుకీ మధ్య నలిగినవాళ్లం కొందరం కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో, వాచ్‌మన్ పరిచిన రెండు చాపల మీద కూర్చుని రాసుకున్న ప్రణాళిక ఇది. సంఘానికి పేరు ఇంకా పెట్టలేదు. పుట్టిన రోజునే ఎవరూ బారసాల చెయ్యరు కదా.

మేం అడిగేది గడువు. మాఫీ అడగడం లేదు. ఉద్యోగం పోయిన కుటుంబానికి మూడు నెలల అద్దె వాయిదా వెయ్యాలి. బాకీని ఆ తర్వాత వడ్డీ లేకుండా కొంచెం కొంచెంగా తీరుస్తాం. ఆ మూడు నెలలూ ఇల్లు ఖాళీ చెయ్యమనకూడదు, నీళ్లూ కరెంటూ ఆపకూడదు.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. కరోనా లాక్‌డౌన్‌లో, 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ, కార్మికుల దగ్గర నెల రోజుల పాటు అద్దె అడగొద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం మూడు నెలల అద్దె వసూలు వాయిదా వెయ్యమంది, ఆ బాకీ తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోమంది. ఇంటి అప్పుల కిస్తీలకు రిజర్వు బ్యాంకు మారటోరియం ఇచ్చింది కనక ఓనర్లకూ ఊపిరాడింది. ఎంతమంది ఓనర్లు ఆ ఉత్తర్వును పట్టించుకున్నారన్నది వేరే కథ, అది చెప్పాలంటే మాలో ఒక్కొక్కరికీ ఒక పూట పడుతుంది. అయినా కాగితం మీద మాట ఉంది. ఊరందరికీ ఒకేసారి కష్టం వస్తే దొరికిన గడువు, ఒక్క గుమ్మానికి కష్టం వస్తే ఎందుకు దొరకదు?

చట్టం లేదా అంటే ఉంది. 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టం. కానీ 2005 సవరణతో కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు దాని నీడలోంచి బయటికొచ్చేశాయి. నేటి హైదరాబాదులో 3,500కి ఇల్లు కాదు గదా, అమీర్‌పేట హాస్టల్లో మంచం కూడా కష్టమే. ఇక మనకు మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని ప్రకారం నెలవారీ అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించడానికి పదిహేను రోజుల నోటీసు చాలు. మన అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకుంటుందో అందరికీ తెలుసు, రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికే. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో మంచి మాటలున్నాయి. అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదంది, నీళ్లూ కరెంటూ ఆపకూడదంది. వరద, తుపాను, భూకంపం వస్తే అద్దెకున్నవాడికి కొంత వెసులుబాటు కూడా రాసింది. ఉద్యోగం పోవడం మాత్రం ఆ విపత్తుల లెక్కలోకి ఎక్కలేదు.

ఇక సాయం సంగతి. ఈఎస్ఐ కట్టినవాళ్లకు 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అనే నిరుద్యోగ భత్యం ఉంది. మొదట సగటు దినసరి సంపాదనలో పాతిక శాతం ఇచ్చేవారు, 2020లో యాభైకి పెంచారు. తొంభై రోజుల వరకు ఇస్తారు. నెలకు 18,000 జీతగాడికి మొత్తం 27,000 దాకా వస్తుంది. రెండు గదుల అద్దె, బియ్యం, గ్యాసుబండ ఆ డబ్బులో సర్దుకోవచ్చు, పిల్లల ఫీజు సర్దుకోదు. అయినా అది చిన్న ఆసరా కాదు. చిక్కల్లా ఏమిటంటే, ఇది జన్మకోసారే ఇస్తారు. జీతం నెలకు 21,000 దాటినవాడికి అసలు ఈఎస్ఐయే వర్తించదు. 2017లో గీసిన గీత అది. 22,000 తెచ్చుకునే షోరూమ్ సేల్స్‌మన్ ఆ గీతకు అవతలి ధనవంతుడన్నమాట.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు రాజీనామా. ఇక్కడ కాసేపు ఆగండి. గదిలోకి పిలిచి "నువ్వే రిజైన్ చేసినట్టు మెయిల్ పెట్టు, రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం, లేకపోతే నీ ఇష్టం" అంటారు. భయంతో పెట్టేస్తాం. మాలో చాలామందిమి పెట్టాం. ఆ మూడు లైన్ల మెయిలుతో తీసేసినవాడు తప్పుకున్నాడు, మనమే మానేసినవాళ్లమయ్యాం. తనంతట తాను మానేసినవాడికి ఆ నిరుద్యోగ భత్యం లేదు, తొలగింపు పరిహారమూ లేదు. అందుకే మా మొదటి మాట: ఆ గదిలో ఏమీ రాయొద్దు. "రేపు చెబుతాను" అని లేచి రండి. ఒక్క రాత్రి గడువు తెచ్చుకోండి. బలవంతపు రాజీనామాను తొలగింపుగానే లెక్కకట్టాలన్నది మా రెండో కోరిక.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, తీసేసినా మానేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలంటోంది. మాకు మాత్రం "నలభై అయిదు రోజులు పడుతుంది" అన్న పాత మెయిలే వస్తోంది. దాన్ని ఇక ఊరికే చదివి ఊరుకోం.

పీఎఫ్ ఉందిగా అంటారు కొందరు. అది మా ముసలితనపు కూడు. ఇప్పుడు అద్దెకు తినేస్తే అరవయ్యేళ్లకు ఆకలేస్తుంది. కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మారిన డబ్బును సాయం అనరు. నిరుద్యోగంలో ప్రభుత్వం తన స్తోమత మేరకు ఆదుకోవాలని రాజ్యాంగం 41వ అధికరణలో రాసుంది. దాన్ని ఆదేశిక సూత్రాల్లో పెట్టారు కాబట్టి కోర్టుకెక్కి వసూలు చేసుకోలేం. అడగడానికి అడ్డేమీ లేదు. వాయిదా వేసిన అద్దెను ప్రభుత్వ నిధి ఒకటి ముందు ఓనరుకు కట్టాలి, ఆ బాకీ మేం నిధికి తీర్చుకోవాలి. ఈఎస్ఐ గీత జరగాలి, జన్మకోసారి అన్న షరతు పోవాలి.

ఓనర్లు మాకు శత్రువులు కారు. నిజాంపేటలో మాలో ఒకరి ఓనరు రిటైరైన టీచరు. పీఎఫ్ డబ్బుతో పై అంతస్తు వేసుకున్నారు, ఆ అద్దెతోనే బీపీ మాత్రలు కొనుక్కుంటారు. ఆయన అద్దె ఎగ్గొడితే మాకు పుట్టగతులుండవు. నిధి ఓనరుకే ముందు కట్టాలన్నది అందుకే. ఇరవై ఫ్లాట్లుండి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి నెల అద్దె కోసుకునే వాళ్ల సంగతి వేరు. వాళ్లతో వేరేగా మాట్లాడతాం.

ప్రభుత్వం కదిలేలోపు చేతులు ముడుచుకుని కూర్చోం. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, ట్యాగు మెడలో వేసుకుని బాక్సు కట్టించుకుని పొద్దున్నే బయల్దేరి సాయంత్రం దాకా మెట్రో స్టేషన్లలో కూర్చున్నవాళ్లు మాలో ఉన్నారు. ఒకరు రెండున్నర నెలలు అలా తిరిగారు. భార్యకు తెలిసింది అద్దె కోసం ఓనరమ్మ తలుపు కొట్టినప్పుడే. ఉద్యోగం పోయినందుకు కాదు, తనకు చెప్పనందుకు ఆమె ఏడ్చింది. కాబట్టి ఈ సంఘంలో చేరేవాళ్లు ముందు ఇంట్లో చెప్పాలి, తర్వాత ఓనరుకు చెప్పాలి, అదీ ఇరవై అయిదో తారీఖులోపే. ఒంటరిగా వెళ్లనక్కర్లేదు, మాలో ఇద్దరు తోడొస్తారు. ఎప్పటినుంచి ఎంత కడతామో కాగితం మీద రాసి, ఇరువైపులా సంతకాలు పెట్టించి, చెరొక కాపీ ఉంచుతాం. ఇల్లు మారక తప్పకపోతే సామాను మొయ్యడానికి మనుషులొస్తారు. నెలకు 200 చొప్పున చీటీ వేస్తున్నాం, పాట లేదు, ఎవరికి ముందు అవసరమో వాళ్లకే.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి అదే సెల్లారులో కలుస్తున్నాం. అద్దె అగ్రిమెంటు, చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఈఎస్ఐ నంబరు, కంపెనీ నుంచి వచ్చిన ఆఖరి మెయిల్ ప్రింటు పట్టుకుని రండి. ప్రింటుకు డబ్బుల్లేకపోతే ఫోను తెచ్చుకోండి, పక్క వీధి జిరాక్స్ షాపులో మేం తీయిస్తాం.