చనుమొనలు పగిలితే దాచుకోకండి, చెప్పండి!

నెల తప్పిన అక్కల్లారా, చెల్లెళ్లారా! వాళ్లను కనిపెట్టుకుని ఉన్న అమ్మల్లారా, అత్తల్లారా!

వాంతులైతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, ఎవరో ఒకరు నిమ్మకాయ తెచ్చిస్తారు. చనుమొనలు మండుతుంటే మాత్రం కట్టుకున్నవాడికి కూడా చెప్పం. జాకెట్టు తగిలినప్పుడల్లా పళ్లు బిగబట్టి పని చేసుకుపోతాం. ఇంకా ఎన్నాళ్లీ సిగ్గు?

నెల తప్పిన కొద్ది రోజులకే రొమ్ములు బరువెక్కి సలుపుతాయి. ఒంట్లో హార్మోన్లు పెరుగుతాయి, రొమ్ములకు రక్తం ఎక్కువగా చేరుతుంది, పాల గ్రంథులు ఎదగడం మొదలవుతుంది. ఇది రోగం కాదు. చాలామందికి మూడో నెల దాటేసరికి నెమ్మదిస్తుంది.

కానీ సలపడం వేరు, పగలడం వేరు. చర్మం చిట్లిందంటే చాలాసార్లు దానికి కారణం సబ్బో, రాపిడో, బిగుతు బట్టో అయి ఉంటుంది. చనుమొన చుట్టూ నల్లని వలయంలో ఆవగింజల్లాంటి బొడిపెలు తేలతాయి, చూసుకోండి. అవి పొక్కులు కావు, గిల్లకండి. చర్మం ఎండిపోకుండా నూనె ఊరేది వాటిలోనే. సబ్బుతో తోమితే, డెట్టాల్ నీళ్లతో కడిగితే ఆ నూనె కాస్తా పోతుంది. అక్కడికి ఉత్త నీళ్లు చాలు.

“గరుకు తువాలుతో రుద్ది ఇప్పట్నుంచే గట్టి చేసుకో, రేపు బిడ్డ పాలు తాగాలి కదా” అనే అత్తమ్మలకు దండం పెట్టి ఒక మాట: రుద్దితే గట్టిపడవు, చిట్లుతాయి. రేపు పాలిచ్చేటప్పుడు పగలకుండా ఉండాలంటే చనుమొనతో పాటు నల్లని వలయం కూడా చాలావరకు బిడ్డ నోట్లోకి వెళ్లేలా పట్టించడం నేర్చుకోవాలి. దానికి తువాలుతో పని లేదు.

జాకెట్టు బిగిసిందా? లోపల దర్జీ వేసిన కుట్టు రెండు పక్కలా ఒక వరస విప్పించుకోండి. లోపల వేసుకునే బ్రా నైలాన్‌ది మానేసి మెత్తటి నూలుది, ఒక సైజు పెద్దది వాడండి. చెమట పట్టగానే మార్చండి. రసి కారి గుడ్డ అతుక్కుపోతే లాగకండి, గోరువెచ్చని నీళ్లతో తడిపి మెల్లగా విడదీయండి. తడి అద్ది కాసేపు గాలికి ఆరనిచ్చాక కొంచెం లానోలిన్ క్రీము గానీ వాసలిన్ గానీ రాయండి. మందుల షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ క్రీములు వద్దు. నొప్పి మాత్రలు డాక్టరమ్మను అడక్కుండా అసలే వద్దు.

పెద్దపిల్ల ఇంకా పాలు తాగుతోందా? కడుపుతో ఉన్నప్పుడు పాలు తగ్గుతాయి, పిల్ల గట్టిగా లాగుతుంది, అందుకే మంట ఎక్కువ. అంతేగానీ ఆ పాలు విషమైపోవు. మాన్పించాలో వద్దో డాక్టరమ్మతో మాట్లాడి తేల్చుకోండి.

ఇక ఇవి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు: రొమ్ము ఎర్రగా వాచి జ్వరం రావడం, చీము, నెత్తురు కారడం, చేతికి గడ్డ తగలడం. ఒకవైపే చనుమొన చెక్కు కట్టి, ఏం రాసినా రెండు మూడు వారాల్లో మానకపోయినా చూపించుకోవాలి. అరుదే అయినా అది రొమ్ము క్యాన్సర్ గుర్తు కావచ్చు. కడుపుతో ఉన్నాం కదా, ఇదీ అందులో భాగమేలే అని సరిపెట్టుకోవద్దు.

అయ్యా, మొగుళ్లూ! ఆమె నొప్పి అంటే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఆస్పత్రికి తోడు వెళ్లండి.

పన్నెండు వారాలు నిండకముందే పేరు రాయించుకుని తల్లీబిడ్డల కార్డు తీసుకోండి. ఆశా అక్క ఇంటికొచ్చినప్పుడో, ఉపకేంద్రంలో ఏఎన్ఎం బీపీ చూసినప్పుడో ఐరన్ మాత్రల సంగతితో పాటు ఈ సంగతీ చెప్పండి. “చనుమొన పగిలింది, చూడండి” అంటే చాలు. నలుగురున్న చోట నోరు పెగలకపోతే పక్కకు పిలిచి చెప్పండి. ఆశా అక్కల్లారా, వాళ్లు చెప్పేదాకా ఆగకుండా మీరే అడగండి.

చదివాక ఈ కాగితం పారేయకండి. మీ వీధిలో కొత్తగా నెల తప్పినామె చేతిలో పెట్టండి. చదువు రాకపోతే పక్కన కూర్చుని చదివి వినిపించండి.

ఇట్లు
మీ ఊరి డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లు