దిక్కులేని సూర్యాస్తమయం

ఏటా మే నెలాఖర్లో, మళ్లీ జులై రెండో వారంలో ఒకే ఫొటో మన ఫోన్లలోకి వస్తుంది. మాన్‌హట్టన్‌లో పొడుగాటి వీధి, రెండు పక్కలా ఆకాశహర్మ్యాలు, చివర సరిగ్గా నడిమధ్య కుంగుతున్న సూర్యుడు. మాన్‌హట్టన్‌హెంజ్ అంటారు. హైదరాబాద్ నుంచీ బెజవాడ నుంచీ మనవాళ్లు దానికి లైకులు కొడతారు. కొందరు కవిత కూడా రాస్తారు. నా పేచీ ఫొటోతో కాదు, ఆ కవితతో.

అక్కడ జరిగేది మామూలు లెక్క. 1811 నాటి ప్లానులో గీసిన ఆ వీధులు దిక్కులకు 29 డిగ్రీలు ఒరిగి ఉన్నాయి. సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ ఆ గీత మీదికి ఒకసారి వస్తాడు, జూన్ 21 దాటి వెనక్కి మళ్లుతూ ఇంకోసారి. అంతే.

చాట్రాయినే తీసుకోండి. నూజివీడు మామిడి నేల, ఇప్పుడు ఏలూరు జిల్లా, అక్షాంశం సుమారు 17 డిగ్రీలు. అక్కడ పొద్దు గుంకే చోటు ఏడాదిలో దాదాపు 49 డిగ్రీల మేర జరుగుతుంది. జూన్‌లో నడి పడమరకు కుడిపక్క, డిసెంబర్‌లో ఎడమపక్క. నిక్కచ్చిగా పడమట అస్తమించేది మార్చిలో ఓ రోజు, సెప్టెంబర్‌లో ఓ రోజు. పాత పద్ధతి మామిడి తోటలో చెట్టుకీ చెట్టుకీ పది మీటర్ల ఎడం ఇచ్చి చదరంగా నాటుతారు. అంటే అదీ ఒక మాన్‌హట్టనే. వరుసలు తూర్పు పడమరలుగా ఉంటే మార్చి 20 ప్రాంతాన, పిందె నిలిచే రోజుల్లో, సాయంత్రపు ఎండ మొదళ్ల మధ్యనుంచి ఈ చివరి నుంచి ఆ చివరికి పరుచుకుంటుంది. కాస్త ఒరిగిన గట్టు వెంట నాటిన తోటకు దాని తేదీలు దానికుంటాయి. చిన్నరసాల తీపి మీద ప్రతి వేసవీ రాస్తాం. ఈ ఎండ మీద రాసింది నేనైతే చదవలేదు.

మన సాహిత్యంలో సూర్యాస్తమయం దిక్కులేనిది. కుంకుమ ఉంటుంది, నెత్తురు ఉంటుంది, దిక్కూ తేదీ ఉండవు. సంక్రాంతికి ఉత్తరాయణం అని పేజీలు నింపుతాం, సూర్యుడు మళ్లి అప్పటికే మూడు వారాలు దాటిపోయి ఉంటుంది. కవిత్వం పంచాంగమా అంటారు. కాదు. కానీ బంగినపల్లి కాయని జుర్రుకున్నాడని కథలో రాస్తే నవ్వుతాం కదా, ఆకాశానికెందుకీ మినహాయింపు?

గుళ్ల దగ్గరకొస్తే ఇంకో జబ్బు. అరసవల్లిలో మార్చి, అక్టోబర్ పొద్దుటి కిరణాలు. నాగలాపురం వేదనారాయణస్వామి గుళ్లో మార్చి సాయంత్రాల ఎండ, పాదాల నుంచి నుదుటి దాకా మూడు రోజులు. ఒకళ్లు అద్భుతం అంటారు, ఇంకొకళ్లు మూఢత్వం అని మొహం తిప్పుకుంటారు. చూసేవాళ్లేరీ? అరసవల్లి గుట్టు తేదీల్లోనే ఉంది. ఒకటి మార్చి విషువత్తుకు సుమారు పది రోజుల ముందు, ఇంకోటి సెప్టెంబర్ విషువత్తుకు సుమారు పది రోజుల తర్వాత. రెండుసార్లూ సూర్యుడు పొడిచేది దాదాపు ఒకే చోట. ఆ ద్వారాన్ని కావాలనే అక్కడ నిలిపి ఉంటే, ఎవరో ఏళ్ల తరబడి చూసి నిలిపారు. దాన్ని అద్భుతం అనేసి ఊరుకుంటే ఆ మనిషి కూలి ఎగ్గొట్టినట్టే.

రైతుకి కార్తెలున్నాయి. రోహిణి, మృగశిర అన్నీ సూర్యుడి నడక లెక్కలే. పట్నంలో మనకు మిగిలింది ఈస్ట్ ఫేసింగ్. పడమటి గుమ్మం ఫ్లాటుకి రేటు తగ్గించమని బేరమాడతాం. ఆ గుమ్మంలోంచి ఎండ ఏ నెలలో ఎంత లోపలికొస్తుందో చూడం.

ఏలూరు జిల్లాలో ఆయిల్ పామ్ పెరుగుతోంది. దాన్ని తొమ్మిది మీటర్ల త్రిభుజాల్లో నాటుతారు. మామిడి కొట్టేసి వేసిన చోట వరుసల దిక్కే మారిపోతుంది. పాత తోటతో పాటు దాని తేదీలూ పోతాయి, ఎవరూ రాసిపెట్టుకోలేదు కాబట్టి.

ఈ సెప్టెంబర్ 22, 23 తేదీల్లో సంధ్య మీద కవిత రాసేవాళ్లు ఏ ఊళ్లో, ఏ వీధి చివర నిలబడి చూశారో కూడా రాయండి. మబ్బు పడితే మబ్బు పడిందనే రాయండి.