మీ షేరుకు ఓటుంది, వేయండి!

ఎమ్మిగనూరు, ఆదోని షేర్ హోల్డర్లకు, మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా డబ్బు కడుతున్నవారికి విజ్ఞప్తి



చేనేత సొసైటీ మహాజన సభ అంటే ఏమిటో ఎమ్మిగనూరులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1938లో మాచాని సోమప్పగారు ఇక్కడ నేతగాళ్ల సంఘం నిలబెట్టారు. సహకార సంఘంలో సభ్యుడికి ఒక్కటే ఓటు. ఉన్నవాడికైనా లేనివాడికైనా అంతే. కంపెనీలో అలా కాదు, అక్కడ షేరుకు ఓటు. పది షేర్లుంటే పది ఓట్లు. రిటైరైన పంతుళ్లు, ఆదోని పత్తి వ్యాపారులు, ఫోనులోనే డీమ్యాట్ ఖాతా తెరిచిన డిగ్రీ పిల్లలు, ఎందరి దగ్గరో ఈ ఓట్లు పడి ఉన్నాయి. యార్డుకు పత్తి తెచ్చిన రైతు తూకం చూసుకోకుండా ఇంటికి పోతాడా? షేర్ల విషయంలో మాత్రం మనం ఓటు వేయకుండా అలాగే పోతున్నాం.

మన పది ఓట్లతో ఏమవుతుందిలే అనుకునేవారు సత్యం కంప్యూటర్స్‌ను గుర్తు చేసుకోండి. మన తెలుగువాళ్ల కంపెనీ. హైదరాబాదులో పుట్టి న్యూయార్క్ మార్కెట్ దాకా వెళ్లింది. 2008లో మంచి పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది. అదే ఏడాది డిసెంబరు 16న, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని బోర్డు తీర్మానించింది. పేరున్న ప్రొఫెసర్లు స్వతంత్ర డైరెక్టర్లుగా కూర్చున్న బోర్డు అది. రాజు కుటుంబం చేతిలో పది శాతం షేర్లు కూడా లేవు. మిగతా తొంభై శాతానికి పైగా వాటా ఉన్న సొంతదారులను ఒక్క మాట అడగలేదు. పెద్ద పెట్టుబడిదారులు మండిపడి, న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడిపోయాకే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. మూడు వారాలకు, 2009 జనవరి 7న, లెక్కల్లో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు అసలు లేనే లేదని రాజు స్వయంగా ఉత్తరం రాశారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి దిగింది. పిల్ల పెళ్లికనో ముసలితనానికనో దాచుకున్న డబ్బు అది. ఎన్ని ఇళ్లలో ఆ రాత్రి పొయ్యి వెలగలేదో!

ఆ దెబ్బ తర్వాతే చట్టం మారింది. 2013 కంపెనీల చట్టం, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమాలు వచ్చాక, యజమాని తన సొంతవాళ్ల కంపెనీతో పెద్ద లావాదేవీ చేయాలంటే షేర్ హోల్డర్ల ఓటు అడిగి తీరాలి. లిస్టెడ్ కంపెనీలో అలాంటి తీర్మానానికి ఆ సంబంధమున్నవాళ్లు అనుకూలంగా ఓటు వేయడానికి వీల్లేదు. అంటే అక్కడ తేల్చేది మనలాంటివాళ్లే. ఇంత నష్టపోయి తెచ్చుకున్న హక్కును, ఈమెయిల్‌లో వచ్చిన నోటీసు కూడా చదవకుండా వదిలేస్తున్నాం!

కంపెనీ పంపే వందల పేజీల వార్షిక రిపోర్టు చదివే తీరిక మాకెక్కడిది అంటారు. న్యాయమైన మాటే. అందుకే ప్రాక్సీ సలహా సంస్థలు వచ్చాయి. మన దేశంలో ఐఐఏఎస్, ఎస్ఈఎస్, ఇన్‌గవర్న్ అలాంటివి. ఏ తీర్మానానికి అనుకూలంగా ఓటు వేయాలి, దేనికి వ్యతిరేకంగా వేయాలి అని ఇవి ఫండ్లకు, బ్యాంకులకు సలహా ఇస్తాయి. 2014 నుంచి ఇవి సెబీ నిబంధనల కిందకు వచ్చాయి. ఓటింగ్ విధానాన్ని రాతపూర్వకంగా పెట్టుకోవాలని, ఏడాదికి ఒకసారైనా సరిచూసుకోవాలని, రిపోర్టును ఖాతాదారుకూ కంపెనీకీ ఒకేసారి ఇవ్వాలని 2020 ఆగస్టులో సెబీ ఆదేశించింది. ఆ విధానాలు చదవండి. బోర్డు సమావేశాలకే రాని డైరెక్టరును మళ్లీ ఎన్నుకోవాలా? లాభం తగ్గినా జీతం పెంచాలా? ఇలాంటి ప్రశ్నలు ఎలా వేయాలో వాటిలో తెలుస్తుంది. అయితే సలహా సలహాయే. వాళ్లకూ పొరపాట్లుంటాయి, వాళ్లకూ ఖాతాదారులుంటారు. ఓటు మనది, నిర్ణయమూ మనదే కావాలి.

ఓటుతో ఏమవుతుందో 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్‌లో చూశాం. మేనేజింగ్ డైరెక్టరు సిద్ధార్థ లాల్‌ను జీతంతో సహా మళ్లీ నియమించే ప్రత్యేక తీర్మానానికి 73 శాతం ఓట్లు వచ్చాయి. కావలసింది 75. తీర్మానం వీగిపోయింది! బోర్డు జీతానికి హద్దు బిగించి మళ్లీ ఓటు అడగాల్సి వచ్చింది. ఆ వ్యతిరేక ఓట్లలో ఎక్కువ భాగం ఫండ్లవీ పెద్ద సంస్థలవీ. ఫండ్ల డబ్బు ఎవరిది? నెలకు వెయ్యి, రెండు వేలు సిప్ కడుతున్న మనది. 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు ప్రతి తీర్మానంపైనా ఓటు వేయాల్సిందే. ఎటు వేశారో, ఎందుకు వేశారో వెబ్‌సైటులో పెట్టాల్సిందే. మీ ఫండ్ ఎటు వేసిందో చూడండి. నచ్చకపోతే ఉత్తరం రాసి నిలదీయండి.

మార్చితో లెక్కలు ముగించే కంపెనీల వార్షిక సర్వసభ్య సమావేశాలు (ఏజీఎంలు) సెప్టెంబరు 30 లోపు జరగాలి. నోటీసు 21 రోజుల ముందు వస్తుంది. ఆన్‌లైన్ ఓటింగ్ కనీసం మూడు రోజులుంటుంది, సమావేశం ముందురోజు సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది. డీమ్యాట్ షేర్లను భద్రపరిచే ఎన్ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్ సైటులో మీ డీమ్యాట్ ఖాతాతో లోపలికి వెళ్తే కంపెనీ పేరు, తీర్మానాల వరుస కనిపిస్తాయి. ఒక్కొక్కదానికీ అనుకూలమో వ్యతిరేకమో నొక్కాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఓటు వేయిస్తామని ఎవరైనా డబ్బు గానీ ఓటీపీ గానీ అడిగితే ఇవ్వకండి. కాగితం షేర్లున్న పెద్దలు ఫోలియో నంబరుతో ఓటు వేయవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లలు పక్కన కూర్చొని వేయించండి.

ముందుగా నోటీసులో మూడే చూడండి: యజమాని బంధువుల కంపెనీలతో లావాదేవీలు, డైరెక్టర్ల జీతాలు, వాళ్ల హాజరు. అర్థం కాకపోతే టీ అంగడి దగ్గరైనా నలుగురు కూర్చొని చదవండి. ఈ ఏడాది మీ దగ్గరున్న ఒక్క కంపెనీకైనా ఓటు వేయండి. ఈ కాగితం చదివి పారేయకుండా, షేర్లున్న మరొకరి చేతిలో పెట్టండి.

ఇట్లు,
ఎమ్మిగనూరు, ఆదోని చిన్న షేర్ హోల్డర్లు