ముందు మెట్లు చూడండి

న్యూజెర్సీలో అద్దె ఇల్లు వెతుకుతున్నామంటే అందరూ అడిగేది "ఎన్ని బెడ్‌రూములు?" అనే. మేమూ అంతే. అత్తమామలతో, ముగ్గురు పిల్లలతో కలిపి 7 మందిమి కదా అని 4 బెడ్‌రూముల టౌన్‌హౌస్ తీసుకున్నాం. పడకగదులన్నీ పైనే. కింద ఉన్నది హాఫ్ బాత్, అంటే టాయిలెట్, సింకు మాత్రమే, స్నానానికి వీల్లేదు. మోకాళ్ళ నొప్పులతో అత్తయ్యగారు రోజుకి ఒక్కసారే దిగేవారు. నేను మెట్లెక్కి తేవాలని సాయంత్రం కాఫీ కూడా వద్దనేవారు. ఆవిడకి కాఫీ మీద ఇష్టం తగ్గిందనుకున్నాను!

ఏడాది లీజుకి సంతకం పెట్టాక చేసేదేముంది? ఈసారి 3 గదులైనా సరే, ఒకటి కిందే, షవరున్న బాత్‌రూముతో ఉండాలన్నాను. పిల్లలు ముగ్గురూ ఒకే గదిలో సర్దుకుంటారు. పెద్దవాళ్ళని మాత్రం సర్దుకోమనకండి, వాళ్ళు నోరెత్తకుండా సర్దుకుపోతారు.