మాత్రల చీటీతో తీరే జబ్బు కాదు

మా చెల్లెలికి ఉన్నట్టుండి ఒళ్లు బిగుసుకుపోతుంది, గొంతు మారిపోతుంది. తేరుకున్నాక ఏదీ గుర్తుండదు. మా ఊరు యాడికిలో కొందరు అమ్మవారు పూనిందన్నారు, కొందరు గాలి సోకిందన్నారు. ఒక ఆసుపత్రిలో మూర్ఛ మందులిచ్చారు. ఇంకోచోట నటిస్తోందని కసిరారు. ఆ మాటకు అది ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను.

చివరికి బెంగళూరులో ఒక డాక్టరమ్మ విడమర్చి చెప్పింది: ఇది డిసోసియేటివ్ డిజార్డర్. నటనా కాదు, దయ్యమూ కాదు. జ్ఞాపకం, స్పృహ, ఒంటి మీద అదుపు ఒకదానికొకటి తెగిపోయే జబ్బు. వెనకాల తరచూ తట్టుకోలేని బాధ ఉంటుంది. దీన్ని నయం చేసే ప్రత్యేకమైన మాత్ర లేదు. శిక్షణ పొందిన సైకాలజిస్టు దగ్గర నెలల తరబడి కూర్చుని మాట్లాడటమే ప్రధాన వైద్యం. వానల్లేక శనక్కాయ ఎండిపోయి కూలికి పోయే ఇల్లు అందుకోసం పదేపదే బెంగళూరుకు ఎట్లా పోతుంది?

మానసిక వైద్యాన్ని ఊళ్ల దగ్గరికి తెచ్చే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా 1980లలో మన పక్క బళ్లారిలోనే తయారైంది. ఆ కార్యక్రమం 1996లో దేశంలో మొదలైంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ మానసిక వైద్యాన్ని హక్కు చేసింది. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, అది మేలే. కానీ ఈ జబ్బుకు ఎదురుగా మనిషి కావాలి.

తాడిపత్రి వంటి ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల్లో వారానికొక్క రోజైనా సైకాలజిస్టును కూర్చోబెట్టండి. ప్రతిసారీ ఒకే మనిషి ఉండాలి. మనిషి మారినప్పుడల్లా నా చెల్లెలు తన బాధంతా మొదటినుంచి చెప్పుకోవాలి. ఆ తర్వాత రోజుల తరబడి అది అన్నం ముట్టదు.